గేటు దగ్గర ఆగే బండి

మా విస్సన్నపేటకి రైలు లేదు. నూజివీడుకీ లేనట్టే లెక్క. ఆ పేరుతో ఒక స్టేషన్ ఉంది గానీ అది ఊరికి చాలా దూరంలో, మెయిన్ లైను మీద ఉంటుంది. అక్కడ దిగినవాళ్ళు మళ్ళీ బస్సో ఆటోనో పట్టుకుని రావాలి. అందుకని మా ఊరికి నేనే రైలు వేశాను. డాబా మీద రేకుల గదిలో, నడుమెత్తు బల్ల మీద, పదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఒక స్టేషన్, ఒక చిన్న వంతెన, రెండు మామిడి తోటలు, ఆ తోటల మధ్య రోడ్డు పట్టాలు దాటే చోట ఒక గేటు. పసుపుపచ్చ బోర్డు మీద మా ఊరి పేరు మూడు భాషల్లో రాసి ప్లాట్‌ఫారం చివర పాతిన రోజు మా ఆవిడ పైకి వచ్చి చూసింది.

"గవర్నమెంటు వల్ల కానిది మీరు చేశారండీ. ఇక టిక్కెట్లు కూడా మీరే కొట్టండి" అంది.

నాకు బజార్లో మోటార్ వైండింగ్ షాపు ఉంది. తోటల్లో బోరు మోటార్లు కాలిపోతే విప్పి, మాడిన తీగ తీసేసి, కొత్త రాగి తీగ చుట్టి ఇవ్వడం నా పని. ఇటు రెడ్డిగూడెం దాకా నా చేతి మోటార్లు తిరుగుతున్నాయి. ఏ మోటారైనా ఒకసారి ముట్టుకుంటే చాలు, రోగం ఎక్కడుందో చెప్పేస్తానని నాకు గర్వం ఉండేది. ఉండేది అనే అంటున్నాను.

ఈ బొమ్మ రైళ్ళ పిచ్చి నలభై దాటాక పట్టింది. ఎవరో ఇంట్లో రైలు నడుపుతున్న వీడియో ఒకటి ఫోన్లో వచ్చింది. ఆ వారమంతా షాపులో మోటారు ఒళ్ళో పెట్టుకుని అదే చూస్తూ కూర్చున్నాను. హైదరాబాదులో ఒకాయన తన సామానంతా వదిలించుకుంటుంటే వెళ్ళి ఒక పాత ఇంజనూ, నాలుగు పెట్టెలూ, రెండు అట్టపెట్టెల నిండా పట్టాలూ తెచ్చుకున్నాను. మామిడికాయలు సర్దే పెట్టెల చెక్కలతో బల్ల కొట్టాను. క్వారీ నుంచి తెచ్చిన రాతిపొడిని జల్లెడ పట్టి పట్టాల కింద కంకరగా పోశాను. వాడేసిన టీపొడి ఎండబెట్టి జిగురు మీద చల్లితే దున్నిన నేల తయారైంది.

రైలు నడపడం పది నిమిషాల పని. అది నడిచేలా ఉంచడం వారమంతా పని. ఈ ఇంజనుకి కరెంటు పట్టాల నుంచే అందాలి. పట్టా మీద కంటికి ఆనని దుమ్ము చేరినా చక్రానికి అందదు, బండి అక్కడే నిలబడిపోతుంది. అందుకని శనివారం సాయంత్రం షాపు కట్టేసి వచ్చి, మెత్తటి గుడ్డకి స్పిరిట్ అద్ది పట్టాలన్నీ తుడుస్తాను. చక్రాలకి చుట్టుకున్న వెంట్రుకలు పట్టకారుతో లాగుతాను. జాయింట్ల దగ్గర మీటరు పెట్టి చూస్తాను. ఇంట్లో ఫ్యాన్లు ఏనాడైనా ఇంత శ్రద్ధగా తుడిచారా అని మా ఆవిడ అడుగుతుంది. తుడవలేదు. ఒప్పుకుంటాను.

మా అన్నయ్య నిజం రైళ్ళు నడిపిన మనిషి. నాకంటే ఆరేళ్ళు పెద్ద. మా నాన్న మామిడి తోటల్లో కాపలా ఉండేవాడు, అమ్మ కాయ కోతకి కూలికి వెళ్ళేది. కోతల నెలల్లో నలుగురం తోటలోనే పాక వేసుకుని ఉండేవాళ్ళం. ఆ పాకలో చదువుకునే అన్నయ్య పరీక్షలు రాసి రైల్వేలో చేరాడు. ముందు గూడ్సు నడిపాడు, తర్వాత పాసింజరు, ఆ తర్వాత ఎక్స్‌ప్రెస్. అవే పరీక్షలు నేనూ రెండుసార్లు రాసి రెండుసార్లూ పోయాను. నాకు అసూయ లేదని అబద్ధం చెప్పను. అసూయ ఉండేది, దాన్ని మించిన గొప్ప కూడా ఉండేది. షాపుకి వచ్చిన ప్రతివాడికీ మా అన్నయ్య లోకో పైలట్ అని చెప్పేవాణ్ణి, వాళ్ళు అడక్కపోయినా.

అలాంటి మనిషి ఇంకా సర్వీసు మిగిలి ఉండగానే ఉద్యోగం వదిలేసి నూజివీడు వచ్చి ఇంట్లో కూర్చున్నాడు. ఎందుకన్నయ్యా అంటే "చాల్లేరా" అన్నాడు. ఒంట్లో బాగాలేదా అంటే బాగానే ఉందన్నాడు. పోనీ తిరగాల్సినంత తిరిగాడు, విశ్రాంతి తీసుకుంటాడు అనుకున్నాం. విశ్రాంతి తీసుకునే మనిషి ముఖం అలా ఉండదు. ఏది అడిగినా ఒక మాట, రెండో మాట ఉండదు. కొన్నాళ్ళకి ఆ ఒక్క మాట కూడా తల ఊపడంలోకి దిగింది. నాకు మొదట జాలి వేసింది, తర్వాత ఒళ్ళు మండింది. తోడబుట్టినవాడితో కూడా మాట్లాడనంత పెద్దవాడైపోయాడా అనుకున్నాను.

ఒకరోజు పొద్దున్నే వదిన మిక్సీ పట్టుకుని షాపుకి వచ్చింది. నూజివీడులో మిక్సీలు బాగుచేసేవాళ్ళు లేక కాదు. ప్లగ్గు పెట్టి చూస్తే గిర్రున తిరిగింది. "దీనికేం రోగం లేదు వదినా" అన్నాను. ఆమె స్టూలు మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"రోగం మిక్సీకి కాదులేవయ్యా. మీ అన్నయ్య మాట్లాడటం మానేశారు. పెడితే తింటారు, పెట్టకపోతే అడగరు. చర్చికి వస్తారు, వెనక బెంచీలో కూర్చుంటారు. మొదటి ఆదివారం బల్ల తీసుకునే టైముకి లేచి బయటికి వెళ్ళిపోతారు. పాస్టర్ గారు ఇంటికొచ్చి అడిగితే, దానికి నేను యోగ్యుణ్ణి కాదండీ అన్నారు. ఏం చేశారో నాకు చెప్పరు. నాకు భయంగా ఉంది. నువ్వు తమ్ముడివి, నీతోనైనా నోరు విప్పుతారేమో చూడు."

మా ఇళ్ళల్లో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకోకుండా ఒక మనిషి తనంతట తాను తప్పుకున్నాడంటే చిన్న విషయం కాదు. మనసులో పెద్ద పాపమేదో మోస్తున్నవాళ్ళే అలా చేస్తారు. మా అన్నయ్య ఏం పాపం చేస్తాడు? అమ్మ మాట కాదనని మనిషి, సిగరెట్ ముట్టని మనిషి. ఎవరి దగ్గరైనా తినకూడని డబ్బు తిన్నాడా? వేరే ఊళ్ళో ఎవరైనా ఉన్నారా? నా బుర్ర అంతవరకే పోయింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది. వదినకి మాత్రం సరే అని చెప్పి, బాగున్న మిక్సీకే ఒక చుక్క ఆయిల్ వేసి ఇచ్చి పంపించాను.

సరే అన్నాను గానీ ఏం చేయాలో తోచలేదు. మా ఇంట్లో కూర్చోబెట్టి ఒకళ్ళని ఒకళ్ళు మనసులో మాట అడిగే అలవాటు లేదు. నాకు తోచిన ఉపాయం రైలు. చేసింది చూపించాలి, తప్పులు పట్టనివ్వాలి. ఇలాగేనా సిగ్నల్ పెట్టేది, ఈ గేటు ఇటు పక్కకి ఉండాలిరా అని నాలుగు తిట్లు తిట్టినా చాలు, మాట బయటికి వచ్చినట్టే. ఒక్కసారి మా అన్నయ్య గొంతు మునుపటిలా వినాలి. నాకు కావలసింది అంతే.

తొలకరి పడ్డాక ఒక ఆదివారం భోజనానికి పిలిచాను. వదినకి ఒంట్లో నలతగా ఉండి ఆయన ఒక్కడే వచ్చాడు. మా ఆవిడ నాటుకోడి కూర వండింది. అన్నం తినే ముందు పైకి తీసుకెళ్ళాను. అన్నయ్య గది గుమ్మంలో నిలబడి బల్ల మొత్తం ఒకసారి చూశాడు. ఊరి పేరున్న బోర్డు దగ్గర కొంచెం నవ్వినట్టే ఉంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. కుర్చీ వేసి కూర్చోబెట్టాను. స్పీడు నాబ్ మెల్లగా తిప్పాను. బండి స్టేషన్ వదిలింది, వంతెన దాటింది, తోటల మధ్యకి వచ్చింది, గేటు ముందు ఆగిపోయింది.

"దుమ్మన్నయ్యా" అని వేలితో ముందుకి తోశాను. కదిలింది. ఒక చుట్టు తిరిగి వచ్చి మళ్ళీ అక్కడే ఆగింది.  నిన్న సాయంత్రమే అరగంట తుడిచిన పట్టాలు అవి. మూడోసారి కూడా అంతే. తోటల్లోకి రాగానే నీరసపడి, గేటు ముందుకి వచ్చి ఊపిరి విడిచినట్టు నిలబడిపోయింది. ఏదో ఒకటి అనాలి గదా అని అన్నయ్య వైపు తిరిగాను.

ఆయన లేచి నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ బల్ల అంచు పట్టుకుని ఉన్నాయి. ఎండుటాకులా ఉంది ముఖం. "బస్సుకి టైమవుతుందిరా" అన్నాడు. నూజివీడు బస్సులకి మా ఊళ్ళో టైమేంటి, వస్తూనే ఉంటాయి. మెట్లు దిగి, మా ఆవిడ విస్తరాకులు వేస్తుంటే ఆమెకి కూడా చెప్పకుండా వీధి గేటు తీసుకుని వెళ్ళిపోయాడు.

"మీ రైలు ఆగిందని బావగారు అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయారా?" అంది మా ఆవిడ. తిక్క కోపం వచ్చింది నాకు. ఎవరి మీదో తెలియదు. ఎక్స్‌ప్రెస్‌లు నడిపినవాడికి నా బొమ్మ బండి ఆనలేదు అనుకున్నాను. ఆగకుండా నడిచి ఉంటే కూర్చునేవాడు, మాట్లాడేవాడు అని కూడా అనుకున్నాను. రెండూ ఒకేసారి ఎలా అనుకున్నానో నాకే తెలియదు. ఏదైతేనేం, ఈ బండి ఆ గేటు దాటాలి, అప్పుడు మళ్ళీ పిలవాలి అని పట్టు పట్టాను.

ఆ తర్వాత వారాలన్నీ తలా తోకా లేని వారాలు. బల్ల కిందికి దూరి వెల్లకిలా పడుకుని తీగలన్నీ చూశాను. ఆ గేటు ముక్కకి విడిగా ఇంకో తీగ లాగి కరెంటు ఇచ్చాను. ఆగింది. జాయింట్లు మార్చాను. ఆగింది. ఆ రెండడుగుల పట్టా మొత్తం పీకేసి కొత్తది వేస్తే, వేసిన సాయంత్రం చక్కగా తిరిగింది, మర్నాడు పొద్దున్నే ఆగింది. మీటరు పెడితే కరెంటు ఉందంటుంది. బండి లేదంటుంది. ఇద్దరిలో ఎవరిని నమ్మాలో తెలియక తల పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఒక్క సుఖం ఏమిటంటే తుడిస్తే ఒక పూట నడుస్తుంది. మరి తుడిచినదాని మీదికి రాత్రికి రాత్రి ఏం వచ్చి చేరుతోంది? అదీ, బల్ల మొత్తం వదిలేసి ఆ తోటల మధ్యకే ఎందుకు వస్తోంది?

చీమలు కూడా రావడం మొదలుపెట్టాయి. వరసగా బల్ల కోడు ఎక్కి తోటల్లోకి పోతున్నాయి. టీపొడిలో పంచదార ఉంచేశావని మా ఆవిడ మీద అరిచాను. "పంచదార వేయకముందు వడకట్టినదే ఇచ్చానండీ. మీ కోపానికి నా టీ ఏం చేసింది" అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట ఇద్దరం మాట్లాడుకోలేదు. షాపులో ఒక రైతు మోటారు మూడు రోజులు ఆలస్యమైంది. అతను వచ్చి నిలబడితే, ఏ మోటారు ఎవరిదో కూడా వెంటనే గుర్తు రాలేదు.

అప్పుడు వదిన ఫోన్ చేసింది.

"నీ దగ్గర ఏం బండయ్యా అది? రాత్రి అన్నం తింటూ ఉన్నట్టుండి, వాడి బండి ఇంకా ఆ గేటు దగ్గరే ఆగుతుందా అని అడిగారు. తనంతట తాను నన్ను ఒక మాట అడిగి ఎన్నాళ్ళయిందో."

నాకు సంతోషమేసింది. "ఈ వారంలో బాగుచేసేస్తానని చెప్పండి వదినా" అన్నాను. ఆమె ఫోన్ పక్కన పెట్టి చెప్పినట్టుంది. కాసేపటికి మళ్ళీ లైన్లోకి వచ్చింది.

"బాగు చేయొద్దంటున్నారు."

"ఏంటి?"

"అదే అంటున్నారు. బాగు చేయొద్దని చెప్పు వాడికి అని లేచి వెళ్ళిపోయారు. ఇప్పుడు తింటున్న అన్నం కూడా సగంలో వదిలేశారు. ఏమయ్యా, మీ ఇద్దరి మధ్యా ఏమైంది?"

ఏం కాలేదని చెప్పాను. ఏమైందో తెలిస్తే గదా చెప్పడానికి. నా బండి ఆగితే ఆయనకేంటి, నడిస్తే ఆయనకేంటి? ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయినవాడు బాగు చేయొద్దంటాడేంటి? నన్ను ఎగతాళి చేస్తున్నాడా అని కూడా అనిపించింది. నాలుగు రోజులు పై గదికే వెళ్ళలేదు. గుడ్డ, స్పిరిట్ సీసా మెట్ల మీద ఎక్కడ పెట్టానో అక్కడే ఉన్నాయి.

ఐదో రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వస్తే అన్నయ్య వరండాలో కూర్చుని ఉన్నాడు. బస్సులో వచ్చాడట. మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి గ్లాసు చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. "పైకి పోదాం పద" అన్నాడు.

ఈసారి కుర్చీ వద్దన్నాడు. స్టూలు లాక్కుని గేటుకి ఎదురుగా, పట్టాల ఎత్తుకి కళ్ళు వచ్చేలా వంగి కూర్చున్నాడు. నడపమన్నాడు. నడిపాను. బండి వంతెన దాటి తోటల్లోకి వచ్చింది, నీరసపడింది, గేటు ముందు ఆగింది. ఆయన కదల్లేదు. మళ్ళీ నడపమన్నాడు. మళ్ళీ ఆగింది.  

ఆయన చేయి చాపి చూపుడువేలుతో గేటు దగ్గర పట్టాని రాశాడు. ఆ వేలిని బొటనవేలితో రుద్ది చూసుకున్నాడు, వాసన చూశాడు. తర్వాత పక్కనున్న చెట్టుని ముట్టుకున్నాడు.

"ఈ చెట్లు దేంతో చేశావురా?"

"మామిడి పూత కాడలన్నయ్యా. చెట్టు మీదే ఎండిపోయినవి కోసుకొచ్చాను. చిన్న చెట్టులాగే ఉంటాయి గదా. ఆకులకి రంగేసిన పొట్టు చల్లాను."

"ఏ చెట్టువి?"

"మన పెరట్లో రసాల చెట్టువి. ఈ ఏడాది కాయ నిలబళ్ళేదు. పూతంతా అలాగే ఎండిపోయింది."

"కాయ ఎందుకు నిలబళ్ళేదు?"

చెప్పబోయి ఆగిపోయాను. ఆ ఏడాది మా చెట్టుకి తేనెమంచు పట్టింది. పూత మీద పురుగు చేరి రసం పీల్చి, తీపి జిగురు వదులుతుంది. ఆకులూ కాడలూ జిడ్డుగా అయిపోతాయి, దాని మీద నల్లటి మసి కడుతుంది, పిందె రాలిపోతుంది, కాడ మాత్రం చెట్టునే పట్టుకుని ఎండుతుంది. రెండుసార్లు మందు కొట్టించింది నేనే. నాకు చెట్లకి కావలసిన నిండైన ఎండు కాడలు అలాంటి ఏడాదే దొరుకుతాయి. వాటినే ఏరి ఏరి కోసుకొచ్చి పట్టాల మీదికి వంగేలా నాటాను. ఎండాకాలమంతా గట్టిగా ఉన్న జిగురు వాన తేమకి కరిగి, మసితో సహా పట్టాల మీదికి రాలుతోంది. చీమలు వస్తున్నది దానికే. కోతల పాకలో పెరిగినవాడు చేయకూడని తప్పు.

"మోటార్లు చుట్టీ చుట్టీ తోట మర్చిపోయావు" అన్నాడు అన్నయ్య. ఆ గొంతు నేను ఏడాదిగా వినాలనుకుంటున్న గొంతు. నాకు నవ్వు వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. ఇక నా కష్టం గట్టెక్కింది అనుకుని మెట్ల మీది గుడ్డా, సీసా తెచ్చాను. చెట్లన్నీ ఇప్పుడే పీకేస్తాను, ఇక ఆగదు చూడు అని గేటు దగ్గరికి వంగాను.

ఆయన నా చేయి పట్టుకున్నాడు. "ఉండరా" అన్నాడు.

ఉన్నాను. ఆయన నా వైపు చూడకుండా, గేటు వైపే చూస్తూ చెప్పాడు.

"ఇలాగేరా. రెండు పక్కలా తోటలు. అప్పుడే తెల్లారుతుంది. గేటు వేసే ఉంది. ఒకామె నెత్తి మీద కాయల బుట్టతో గేటు పక్కనించి దూరి వచ్చింది. హారన్ కొట్టాను. తిరిగి చూసింది. చూసి నిలబడిపోయింది, ముందుకి పోవాలో వెనక్కి పోవాలో తెలీనట్టు. ముందు కాయలు తగిలాయి ఇంజను రేకుకి. టపటపా, ఒకదాని వెనక ఒకటి. ఆ తర్వాత ఏం వినపళ్ళేదు. బండి ఆగేసరికి ఆ గేటు ఎక్కడో వెనకాల ఉంది."

నేను గుడ్డ పట్టుకుని అలాగే వంగి ఉన్నాను. నిటారుగా లేవాలని కూడా తోచలేదు.

"నీ తప్పేం లేదన్నారు. అందరూ అదే అన్నారు. పైవాళ్ళు కాగితం కూడా రాసిచ్చారు. తర్వాత కొన్నాళ్ళు నడిపాను. ఏ గేటు వచ్చినా కాళ్ళు వణికేవి. వెనక పెట్టెల నిండా జనం, ఇక్కడ నా కాళ్ళు వణుకుతున్నాయి. ఇక నడపకూడదని వచ్చేశాను. అమ్మ అలాగే వెళ్ళేది గదరా, తెల్లారకుండా బుట్ట ఎత్తుకుని. ఆ పాకలో ఉన్నప్పుడు. అంత వయసే ఉంటుంది ఆమెకి."

చర్చిలో ప్రభువు బల్ల దగ్గర నుంచి ఎందుకు లేచి వెళ్ళిపోతున్నాడో నాకప్పుడు తెలిసింది. లంచమూ, పరాయి ఆడదీ అని ఊహించిన నా బుద్ధి మీద నాకే అసహ్యం వేసింది. ఎవరికీ చెప్పలేదా అన్నాను. చెప్తే మీ వదిన కూడా నీ తప్పేం లేదంటుంది, ఇంకేమంటుంది అన్నాడు.

"ఆ రోజు నీ బండి గేటు ముందు ఆగింది చూడు. భయమేసి పారిపోయాను. ఇంటికి వెళ్ళాక కళ్ళు మూసుకుంటే అదే కనపడింది. గేటు దాకా వస్తుంది, ఆగిపోతుంది. ఆ రాత్రి నిద్ర పట్టింది నాకు. అందుకే బాగు చేయొద్దన్నాను."

నాకు ఓదార్చడం రాదు. ప్రార్థన చేద్దామన్నా మాటలు కూడలేదు. చేతిలో గుడ్డ తడి ఆరిపోతోంది. చివరికి ఎంత తెలివితక్కువ మాటో అది అడిగాను.

"మరి తుడవనా అన్నయ్యా, ఉంచనా?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నేను పెద్ద విషయమేదో అడిగినట్టు.

"తుడువు" అన్నాడు. "జిగురుకి ఆగితే అది మనం ఆపినట్టా."

ఇద్దరం కలిసి చేశాం. ఆయన చెట్లని ఒక్కొక్కటీ మొదట్లో పట్టుకుని, కాడ విరక్కుండా మెల్లగా లాగి పేపరు మీద పేర్చాడు. నేను పట్టా తుడిచాను, ఒకసారి స్పిరిట్‌తో, ఒకసారి పొడి గుడ్డతో. చక్రాలు కూడా తుడిచాను. తోటలు పోయి గేటు ఒక్కటే మిగిలింది ఆ చోట. బండి పెట్టి నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాను. గేటు దాటి వెళ్ళిపోయింది. ఇన్ని వారాలు దానికోసమే కదా తిప్పలు పడ్డాను. అది దాటుతుంటే అన్నయ్య ముఖం వైపు చూడటానికి నాకు ధైర్యం లేకపోయింది.

"స్పీడు పెంచు" అన్నాడు.

కొంచెం పెంచాను.

"మొత్తం పెట్టు."

"పట్టా తప్పుతుందన్నయ్యా."

"పెట్టరా. నేను 'ఇప్పుడు' అనగానే ఆపు."

నాబ్ చివరిదాకా తిప్పాను. ఆ ఇంజను లోపల మోటారుకి ఒక బరువైన చక్రం ఉంటుంది. కరెంటు తీసేసినా అది కాసేపు తిరిగి బండిని ముందుకి తోస్తుంది; స్పీడు ఎక్కువైతే ఆ తోపూ ఎక్కువే. నాకు ఆ సంగతి తెలుసు. ఆ క్షణంలో గుర్తు లేదు. బండి రెండు చుట్లు దడదడలాడుతూ తిరిగింది. మూడో చుట్టులో వంతెన దాటి గేటుకి జానెడు దూరంలోకి వచ్చింది.

"ఇప్పుడు" అన్నాడు అన్నయ్య.

ఒక్క తిప్పుతో సున్నాకి తెచ్చాను. బండి ఆగలేదు. ఇంజను గేటు దాటింది, దాని వెనక రెండు పెట్టెలు కూడా దాటాయి, అప్పుడు నిలబడింది.

 గేటు దగ్గర ఎవరూ లేరు, టీపొడి నేల తప్ప ఏమీ లేదు, అయినా నాబ్‌ని సున్నా మీదే గట్టిగా పట్టుకున్నాను. "ఆపానన్నయ్యా" అన్నాను. "నువ్వు అనగానే ఆపాను. నిజంగా ఆపాను."

"తెలుసురా" అన్నాడు. "నీ చెయ్యే చూస్తున్నాను. అనగానే ఆపావు."

నా మణికట్టు మీద చేయి వేశాడు. తర్వాత చిన్న గొంతుతో, "నేనూ చూడగానే వేశానురా బ్రేకు" అన్నాడు.

ఇంకోసారి తిప్పమన్నాడు. తిప్పాను. 'ఇప్పుడు' అన్నాడు, ఆపాను, బండి గేటు దాటిపోయింది. మళ్ళీ తిప్పమన్నాడు. మా ఆవిడ అన్నం చల్లారిపోతోందని కిందనుంచి రెండుసార్లు పిలిచింది. ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు తిప్పించాడో నేను లెక్కపెట్టలేదు. ప్రతిసారీ నా చేతినే చూస్తూ కూర్చున్నాడు.